మూడో తరం అంటే మూడింతల బలం కాదు

(ఒక ఫార్మసిస్టు చేసిన ప్రసంగానికి ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకు వినపడుతోందా? మైకు కొంచెం దగ్గరికి జరుపుకుంటాను. ఇప్పుడో? సరే.

మొదట ఒక ప్రశ్న. మొహమాటపడకుండా చేతులెత్తండి. "జ్వరం తగ్గట్లేదు, కాస్త స్ట్రాంగ్ మందు ఇవ్వండి" అని ఎప్పుడైనా అడిగినవాళ్ళు ఎంతమంది? చాలామందే ఉన్నారు. నిజానికి నేనూ ఎత్తాలి. ఫార్మసిస్టుగా ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఆ భాషే మాట్లాడేదాన్ని. ఇది మైల్డ్, అది స్ట్రాంగ్, ఇది ఇంకా స్ట్రాంగ్. ఇవాళ ఆ మాట ఎవరి నోట విన్నా నాకు చిరాకు. ఎందుకు చిరాకో చెప్పడానికే వచ్చాను.

నేను చెప్పబోయేది ఒక యాంటీబయాటిక్ మందుల కుటుంబం గురించి, అంటే బ్యాక్టీరియాని చంపే మందులు. ఇంటిపేరు సెఫాలోస్పోరిన్. నోరు తిరగదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఇంట్లో వాళ్ళు మీకు తెలిసినవాళ్ళే. సెఫలెక్సిన్, సెఫురాక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్, సెఫిక్సిమ్. మందు అట్ట మీద బ్రాండు పేరు కింద చిన్న అక్షరాలుంటాయి చూడండి, అక్కడ 'సెఫ్' అని మొదలైతే ఈ ఇంటి మనిషే. ఇంజెక్షన్లుగా ఇచ్చేవి కూడా చాలా ఉన్నాయి, వాటి జోలికి ఇవాళ ఎక్కువగా పోను. నోటితో వేసుకునేవి, అందులోనూ ముఖ్యంగా సెఫిక్సిమ్.

ఈ కుటుంబం పుట్టిన చోటు చెబితే మీరు ముక్కు మూసుకుంటారు. మురుగు నీళ్ళలో పుట్టింది. 1945లో ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో, కాల్యరి అనే ఊళ్ళో, జుసెప్పె బ్రోట్సు అని ఒక ప్రొఫెసర్ ఉండేవాడు. ఊరి మురుగంతా సముద్రంలో కలిసే చోట నీళ్ళు తీసి చూశాడు. అంత మురుగు కలుస్తున్నా అక్కడ ఏదో ఒకటి సూక్ష్మజీవుల్ని అణిచేస్తోందని ఆయన అనుమానం. వెతికితే ఒక బూజు దొరికింది. ఆ బూజు నుంచి కారిన ద్రవం టైఫాయిడ్ బ్యాక్టీరియాని కూడా ఆపింది. టైఫాయిడ్ అనే మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దాని దగ్గరికే వస్తాం. ఆయన దగ్గర పెద్ద ల్యాబు లేదు, డబ్బు లేదు. 1948లో తను చూసింది అచ్చు వేయించి, బూజుని ఆక్స్‌ఫర్డ్‌కి పంపించాడు. అక్కడ ఎడ్వర్డ్ అబ్రహామ్, గై న్యూటన్ అనే ఇద్దరు ఏళ్ళ తరబడి కూర్చుని అందులోంచి సెఫాలోస్పోరిన్ సి అనే పదార్థాన్ని విడదీశారు.

తమాషా ఏమిటంటే, అలా దొరికిన ఆ పదార్థం పెద్ద పనిమంతురాలు కాదు. బ్యాక్టీరియాని చంపే శక్తి తక్కువ. మరి ఎందుకు వదిలిపెట్టలేదు? అప్పటికి పెనిసిలిన్‌ని ముక్కలు చేసి పడేసే బ్యాక్టీరియా ఆసుపత్రుల్లో పెరిగిపోతోంది. ఈ కొత్త పదార్థం మాత్రం ఆ కత్తెరకి తెగలేదు. అది చూసి పట్టుకున్నారు. దాని మధ్యలో ఉన్న గుండెకాయ లాంటి భాగాన్ని అలాగే ఉంచి, చుట్టూ ఉన్న తోకలు మారుస్తూ పోయారు. ఒక్కో తోకకి ఒక్కో మందు. 1964లో మొదటిది మార్కెట్లోకి వచ్చింది, అది ఇంజెక్షన్. నోటితో వేసుకునే సెఫలెక్సిన్ ఆ తరవాత వచ్చింది. సెఫిక్సిమ్‌కి అమెరికాలో అనుమతి దొరికింది 1989లో.

ఇప్పుడు ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం చూద్దాం. ఇక్కడ ఓపిక పట్టాలి మీరు, ఎందుకంటే తరవాత చెప్పేదంతా దీని మీదే నిలబడింది.

చేపల వల చూశారు కదా. పొడుగు దారాలుంటాయి, వాటిని అడ్డంగా కలుపుతూ ముడులుంటాయి. ముడులు లేకపోతే అది వల కాదు, దారాల కుప్ప. బ్యాక్టీరియా తన ఒంటి చుట్టూ ఇలాంటి వలే అల్లుకుంటుంది. పుస్తకాల్లో దాన్ని కణకవచం అంటారు. బ్యాక్టీరియా పెరిగేటప్పుడు పాత ముడులు విప్పుకుంటూ, కొత్త ముడులు వేసుకుంటూ ఉంటుంది. ఆ ముడులు వేయడానికి దానికి కొన్ని ప్రోటీన్లున్నాయి, చేతులనుకోండి. మన మందు వెళ్ళి ఆ చేతులకి అతుక్కుపోతుంది. ముడులు పడవు, విప్పడం మాత్రం సాగుతుంది. లోపలి ఒత్తిడికి బ్యాక్టీరియా పగిలిపోతుంది.

మన ఒంట్లో కణాలకి ఈ వల లేదు. లేదు కాబట్టే ఈ మందు బ్యాక్టీరియాని పగలగొడుతూ మనల్ని పెద్దగా ముట్టుకోదు. ఈ కుటుంబం మొత్తమ్మీద సురక్షితం అనే పేరు తెచ్చుకోవడానికి కారణం అదే. మరి వైరస్‌కి వల ఉందా? లేదు. జలుబు, ఫ్లూ, గొంతునొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌వి. వల లేనివాడి మీద, ముడులు వేసే చేతులు కట్టేసే మందు వేసి లాభమేమిటి? ఎంత స్ట్రాంగ్ వేస్తే మాత్రం ఏమిటి?

అసలు గొడవ ఇప్పుడు మొదలవుతుంది. ఈ మందుల్ని తరాలుగా విడగొట్టారు. సెఫలెక్సిన్ మొదటి తరం. సెఫురాక్సిమ్ రెండో తరం. సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్ మూడో తరం. ఈ మాట వినగానే మనకేమనిపిస్తుంది? ఫోన్లు గుర్తొస్తాయి. కొత్త మోడల్ వచ్చిందంటే పాతదానికన్నా మెరుగు. మూడో తరం ఉండగా మొదటి తరం ఎవరికి కావాలి? నాతో పనిచేసిన వాళ్ళలో కూడా ఇలా అనుకున్నవాళ్ళు ఉన్నారు, చదువుకున్నవాళ్ళే.

ఒక సెగ్గడ్డ లేచిందనుకోండి, లేదా గాయం చుట్టూ చర్మం ఎర్రగా వాచి సలుపుతోందనుకోండి. అక్కడ ఎక్కువగా ఉండేది స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా. చీము చేరిన గడ్డ అయితే ముందు దాన్ని కోసి చీము తీయాలి, అది వేరే సంగతి. మందు అవసరమైన చోట మొదటి తరం సెఫలెక్సిన్ దాని మీద బాగా పనిచేస్తుంది. మూడో తరం సెఫిక్సిమ్? దాదాపు పనిచేయదు. ఎందుకు? స్టెఫైలోకాకస్ చేతుల ఆకారం వేరు. సెఫిక్సిమ్ తోక ఆ చేతికి సరిగ్గా అతుక్కోదు. అంతే! బలం సంగతి కాదు, అతుకు సంగతి. తాళంచెవి ఎంత బరువుంటే మాత్రం ఏం, ఆ తాళానిది కాకపోతే?

మరి సెఫిక్సిమ్ ఏం సంపాదించుకుంది? దాని తోక వల్ల అది కొన్ని గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాల్లోకి బాగా దూరుతుంది. వాటి వల మీద ఇంకో పొర కప్పి ఉంటుంది, ఆ పొర దాటాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చే ఈ. కోలై ఆ జాతిదే. చెవిపోటు, సైనస్ ఇబ్బందులు తెచ్చే హీమోఫైలస్ కూడా ఆ జాతిదే. అంటే తరం మారినప్పుడు ఒకటి వదులుకుని ఇంకొకటి తెచ్చుకుంది. మెట్లు ఎక్కలేదు, పక్కకి జరిగింది.

నోటితో వేసుకునే ఈ సెఫ్‌లు ఏవీ ముట్టుకోలేని బ్యాక్టీరియా కూడా ఉన్నాయి. ఎంటెరోకాకస్, లిస్టీరియా, మైకోప్లాస్మా, క్లామిడియా. మైకోప్లాస్మాకి అసలు కణకవచమే లేదు, దాని దగ్గర మన మందు వట్టి సుద్దబిళ్ళ. కాబట్టి దగ్గుకి సెఫిక్సిమ్ వాడినా తగ్గలేదంటే మందు 'బలం చాలలేదు' అని కాకపోవచ్చు. ఆ దగ్గు మైకోప్లాస్మాది కావచ్చు, వైరస్‌ది కావచ్చు, ఆస్తమా కూడా కావచ్చు.

మరి సెఫిక్సిమ్ దేనికి వాడతారు? మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, చెవి ఇన్ఫెక్షన్, స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే గొంతు ఇన్ఫెక్షన్, పాత బ్రాంకైటిస్, అంటే ఊపిరి గొట్టాల వాపు, ఉన్నట్టుండి ముదిరినప్పుడు, కొన్ని చోట్ల టైఫాయిడ్. గనేరియా అనే సుఖవ్యాధికి ఒకే ఒక్క 400 మిల్లీగ్రాముల డోసుతో నయం చేసిన రోజులున్నాయి. ఆ బ్యాక్టీరియా మెల్లగా ముదిరిపోయింది. 2012లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సెఫిక్సిమ్‌ని మొదటి వరస నుంచి తీసేసి, ఇంజెక్షన్ వాడమంది.

డోసు మాటకొస్తే, పెద్దవాళ్ళకి మామూలుగా రోజుకి 400 మిల్లీగ్రాములు, ఒకేసారి గానీ 200 చొప్పున రెండుసార్లు గానీ. సెఫలెక్సిన్ మాత్రం రోజుకి రెండు నుంచి నాలుగుసార్లు వేసుకోమంటారు. ఎందుకీ తేడా అని ఎప్పుడైనా ఆలోచించారా? సెఫలెక్సిన్ రక్తంలో సగానికి పడిపోవడానికి సుమారు గంట చాలు. సెఫిక్సిమ్‌కి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఈ కుటుంబం మొత్తానికి ఒక లక్షణముంది. ఎంత మందు పోశామన్నది కాదు, బ్యాక్టీరియాని ఆపగలిగే మోతాదు ఎన్ని గంటలు ఒంట్లో నిలిచిందన్నది ముఖ్యం. పొద్దున వేసుకోవడం మరిచిపోయి రాత్రి రెండూ కలిపి మింగేస్తే లెక్క సరిపోయిందనుకుంటాం. మన లెక్క సరిపోతుంది, బ్యాక్టీరియా లెక్క సరిపోదు. మధ్యలో దానికి ఖాళీ దొరికింది, ముడులు వేసుకుంది. మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తరవాతి డోసు టైము దగ్గరపడితే పోయింది పోనివ్వండి. రెండు కలపకండి.

అన్నం ముందా, తరవాతా? ఇది అందరూ అడుగుతారు. సెఫిక్సిమ్‌కి ఏదైనా ఒకటే. మింగినదాంట్లో 40 నుంచి 50 శాతమే రక్తంలోకి వెళుతుంది, కడుపు నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా అంతే. కడుపులో తిప్పుతుంటే తిన్నాక వేసుకోండి. సెఫురాక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్ మాత్రలు మాత్రం తిన్నాకే వేసుకోవాలి, అప్పుడే బాగా ఒంటబడతాయి. సెఫ్‌పోడాక్సిమ్‌తో పాటు గ్యాస్ మందు వేసుకుంటే ఒంటబట్టడం తగ్గుతుంది. ఇంకో సంగతి, సెఫురాక్సిమ్ మాత్రని పిల్లలకి నూరి ఇవ్వకండి. ఆ చేదు అంత తొందరగా వదలదు. పిల్లలు జన్మలో మళ్ళీ మందు అంటే నోరు తెరవరు.

సిరప్ విషయం కొంచెం నిలబడి చెప్పాలి. నేను చూసిన పొరపాట్లలో సగం ఇక్కడే. పొడి సీసాలో వస్తుంది, కాచి చల్లార్చిన నీళ్ళు గీత వరకు పోయాలి. ఒకేసారి పోసేస్తే పొడి అడుగున గడ్డ కడుతుంది. కొంచెం పోసి బాగా కుదిపి, మళ్ళీ గీత వరకు పోసి మళ్ళీ కుదపాలి. ప్రతి డోసుకి ముందు కుదపాలి. వంటింటి చెంచాతో కొలవద్దు. దాంతో వచ్చిన మూతతోనో, సిరంజితోనో కొలవండి. అన్నిటికన్నా ముఖ్యం, 5 మిల్లీలీటర్లలో 50 మిల్లీగ్రాములుండే సీసా వేరు, 100 ఉండే సీసా వేరు. పిల్లల మామూలు డోసు కిలో బరువుకి రోజుకి 8 మిల్లీగ్రాములు. పది కిలోల పాపకి 80. ఒక సీసా నుంచి అయితే 8 మిల్లీలీటర్లు, ఇంకో సీసా నుంచి అయితే 4. "పోయినసారి ఎంత పోశామో అంతే" అని పోస్తే ఏమవుతుందో చూశారుగా! సీసా మారితే కొలత మారుతుంది. ఆరు నెలల లోపు పసివాళ్ళకి డాక్టర్ చెప్పకుండా అసలు ఇవ్వకండి.

ఇక ఇబ్బందులు. ముందు మామూలువి. విరేచనాలు అన్నిటికన్నా ఎక్కువ. సెఫిక్సిమ్ మీద జరిగిన పరీక్షల్లో నూటికి పదహారుమందికి విరేచనాలయ్యాయని ఆ మందు కరపత్రంలోనే ఉంటుంది. వికారం, కడుపునొప్పి, గ్యాస్ కూడా. ఒంటబట్టని సగం మందు పేగుల్లోకే కదా దిగేది? అక్కడ మనకి పనికొచ్చే బ్యాక్టీరియా కూడా కొంత చస్తుంది. చాలామందికి మందు ఆపాక సర్దుకుంటుంది. కానీ విరేచనాలు నీళ్ళలా రోజంతా అవుతున్నా, రక్తం పడుతున్నా, జ్వరంతో కడుపు మెలిపెడుతున్నా, అది క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే మొండి బ్యాక్టీరియా పని కావచ్చు. మందు ఆపిన రెండు నెలల తరవాత కూడా రావచ్చు. రెండు నెలలు! అప్పటికి ఆ మందు వాడిన సంగతే మనకి గుర్తుండదు. డాక్టర్‌కి చెప్పండి. విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేసుకోవద్దు.

అలర్జీ. దద్దుర్లు లేచి, పెదవులో మొహమో వాచి, ఊపిరి అందకపోతే ఆగేది లేదు, ఎమర్జెన్సీకి పరిగెత్తడమే. చర్మం మీద బొబ్బలు లేచి, నోట్లో పుళ్ళు పడితే కూడా అంతే.

"నాకు పెనిసిలిన్ పడదండీ, సెఫ్ వేసుకోవచ్చా?" ఈ ప్రశ్నకి పాత పుస్తకాలు ఒక భయం నేర్పాయి. పదిమందిలో ఒకరికి రెండూ పడవని రాసేవారు. ఆ లెక్క పాతకాలం మందులది. అప్పట్లో తయారైన సెఫ్‌లలో పెనిసిలిన్ మరకలు కలిసి ఉండేవి. ఇప్పుడు తెలిసినదాని ప్రకారం నూటికి రెండు, అంతకన్నా తక్కువ కూడా. ఇందాక తోకలు అన్నాను చూడండి, అలర్జీ కూడా ఎక్కువగా ఆ తోక వల్లే. సెఫలెక్సిన్ తోక, పెనిసిలిన్ జాతిదైన ఆంపిసిలిన్ తోక ఒకటే. సెఫాడ్రాక్సిల్ తోక, అదే జాతి అమాక్సిసిలిన్ తోక ఒకటే. సెఫిక్సిమ్ తోక వాటితో కలవదు. అందుకే ఏ మందు వేసుకుంటే ఏమైందో మీరు సరిగ్గా చెప్పగలిగితే డాక్టర్‌కి దారి దొరుకుతుంది. 'పడదు' అనే ఒక్క మాట చాలదు. వాంతయిందా, దద్దుర్లా, గొంతు పట్టేసిందా, ఎన్ని గంటలకి? కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. గొంతు పట్టేసి ప్రాణం మీదకి వచ్చినవాళ్ళు మాత్రం, లెక్క తక్కువ కదా అని ఇంట్లో ప్రయోగాలు చేయకండి.

ఇంకెవరు జాగ్రత్తపడాలి? కిడ్నీలు బాగా పనిచేయనివాళ్ళు. ఈ మందుల్లో చాలావరకు మూత్రంలోనే పోతాయి. కిడ్నీ మందగిస్తే మందు ఒంట్లో పేరుకుని ఫిట్స్ దాకా రావచ్చు, అందుకే డోసు తగ్గిస్తారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళకి రక్తం ఇంకా పలచబడవచ్చు. ఫిట్స్‌కి కార్బమజెపిన్ వాడేవాళ్ళలో సెఫిక్సిమ్ దాని మోతాదుని పెంచవచ్చు. ఈ మూడింట్లో ఏదున్నా చీటీ రాసేటప్పుడే చెప్పండి.

ఇప్పుడు టైఫాయిడ్ దగ్గరికి వద్దాం. గుర్తుందా, బ్రోట్సు బూజు ఆపిన వాటిల్లో అదొకటి. 2016లో పాకిస్తాన్‌లోని సింధ్‌లో, హైదరాబాద్‌లో (పేరు విని పొరబడకండి, ఇది సింధ్ హైదరాబాద్) ఒక టైఫాయిడ్ మొదలైంది. పాత మందులకి లొంగలేదు. మూడో తరం సెఫ్‌లకీ లొంగలేదు. నోటితో వేసుకునే వాటిల్లో దాని మీద పనిచేసేదిగా ఒక్క అజిత్రోమైసిన్ మిగిలింది. ఎలా జరిగింది? ఇందాక కత్తెర అన్నాను కదా, పెనిసిలిన్‌ని కోసేది. సెఫ్‌లు దానికి తెగలేదనే కదా వాటిని పట్టుకున్నాం. బ్యాక్టీరియా కత్తెరకి సాన పట్టుకుంది. మూడో తరాన్ని కూడా కోసే కొత్త కత్తెర తయారుచేసుకుంది. పైగా ఆ కత్తెర నమూనాని ఒక బ్యాక్టీరియా ఇంకో జాతి బ్యాక్టీరియాకి ఇచ్చుకోగలదు. మన పేగుల్లో ఏ హానీ చేయకుండా పడి ఉన్న ఈ. కోలై దగ్గర కూడా ఆ నమూనా ఉండవచ్చు. జలుబుకి సెఫిక్సిమ్ మింగినప్పుడు జలుబు వైరస్‌కి ఏమీ కాదు. పేగుల్లో కత్తెర లేనివి చస్తాయి, కత్తెర ఉన్నవి మిగిలి ఆ చోటంతా ఆక్రమిస్తాయి. రేపు మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే వచ్చేది అవే.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నుంచి యాంటీబయాటిక్స్‌ని మూడు గుంపులుగా చేసింది. ముందుగా వాడాల్సినవి, కనిపెట్టుకుని వాడాల్సినవి, చివరికి దాచుకోవాల్సినవి. సెఫలెక్సిన్ మొదటి గుంపులో ఉంది. సెఫిక్సిమ్ రెండో గుంపులో ఉంది. అంటే డాక్టర్ మీకు 'పాత' మొదటి తరం మందు రాస్తే మిమ్మల్ని తక్కువగా చూసినట్టు కాదు, ఆలోచించి రాసినట్టు.

ప్రశ్నలు తీసుకుంటాను. అదిగో, మీరు చెప్పండి. మద్యం తాగేవాళ్ళు సెఫ్ వేసుకుంటే ప్రమాదమా అని అడుగుతున్నారు. వాంతులు, మొహం ఎర్రబడడం, గుండె దడ, ఇవి వచ్చేది సెఫోపెరజోన్ లాంటి కొన్ని ఇంజెక్షన్లతో. సెఫిక్సిమ్‌కి ఆ గొడవ లేదు. నేను తాగమని చెప్పినట్టు రాసుకోకండి మళ్ళీ!

గర్భిణులు, పాలిచ్చే తల్లులు? చాలా ఏళ్ళుగా వాడుతున్న కుటుంబం, అవసరమైతే డాక్టర్లు ధైర్యంగానే రాస్తారు. పాలు తాగే బిడ్డకి విరేచనాలవుతున్నాయేమో చూసుకోండి.

ఆఖరిది. ఆమె అడుగుతున్నది ఏమిటంటే, పాపకి రెండు రోజుల్లో జ్వరం తగ్గింది, సగం సీసా మిగిలింది, ఫ్రిజ్‌లో దాచి మళ్ళీ జ్వరం వచ్చినప్పుడు వాడవచ్చా అని. వాడకూడదమ్మా. నీళ్ళు కలిపిన రోజు నుంచి ఆ మందు పాడవడం మొదలుపెడుతుంది. సీసా మీద ఏడు రోజులనో పద్నాలుగు రోజులనో రాసి ఉంటుంది, ఆ తరవాత పారేయడమే. పైగా వచ్చే జ్వరం ఎవరి పనో మనకి తెలియదు. అది సరే గానీ, డాక్టర్ ఎన్ని రోజులు రాశారు? ఐదా? మరి రెండు రోజులకే ఎందుకు ఆపారు? ఈ మధ్య కొన్నిటికి తక్కువ రోజులు చాలంటున్నారు, నిజమే, కానీ ఎన్ని రోజులో రాసినవారే చెప్పాలి, తగ్గిన జ్వరం కాదు. బయటికి వెళ్ళగానే ముందు ఆయనకి ఫోన్ చేయండి. సీసా సంగతి తరవాత.